పడగ్గదిలో పాడితే, స్టూడియోలో పాడితే: ఒకే పాట మీద రెండు రికార్డింగుల రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తాను, కారణాలు ఓపికున్నవాళ్లు చదువుకోవచ్చు. గొంతు ఇంట్లోనే బాగా వచ్చింది, కాకపోతే స్టూడియోకి ఒకసారి వెళ్లొచ్చాక. గిటార్ రెండు చోట్లా ఒకటే. వయొలిన్ ఇంట్లో తీసింది పక్కన పడేశాం. డ్రమ్స్ జోలికి ఇంట్లో పోనేలేదు.

పాట నాది. మంద్రంలో మొదలై చరణంలో పైకెక్కే నెమ్మది పాట. గొంతు, అకూస్టిక్ గిటార్, ఒక వయొలిన్, బ్రష్‌లతో మెల్లగా వాయించే చిన్న డ్రమ్ కిట్. డ్రమ్స్ తప్ప మిగతాదంతా ముందు ఇంట్లో తీశాం. తర్వాత అదే శ్రుతి, అదే టెంపో, అదే మనుషులతో స్టూడియోలో మళ్లీ తీశాం. చివరికి గొంతు ఒక్కటి ఇంకోసారి ఇంట్లో. ఏది ఎక్కడిదో తెలియకుండా ఫైళ్ల పేర్లు మార్పించి, వాల్యూమ్ సమానం చేసి విన్నాం. వాల్యూమ్ సమానం చేయకపోతే ఇలాంటి పోలికలకు అర్థమే లేదు. ఒక్క డెసిబెల్ గట్టిగా వినిపించినా చాలు, చెవి దాన్నే 'బాగుంది' అనేస్తుంది.

అందరూ మొదట అడిగేది పరికరాల గురించే కాబట్టి ఆ ముచ్చట ముందు తీర్చేద్దాం. ఇంట్లో రోడ్ ఎన్‌టీ1-ఏ కండెన్సర్ మైకు (సన్నటి చప్పుడునీ వదలని రకం), గిటార్‌కి ష్యూర్ ఎస్‌ఎం57, ఫోకస్‌రైట్ స్కార్లెట్ టూ ఐ టూ ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే డబ్బా), చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, సాఫ్ట్‌వేర్‌కి రీపర్. స్టూడియోలో నా ముందు నిలబెట్టింది న్యూమన్ యూ87. 1967లో వచ్చిన మోడల్ అది. ఫొటోల్లో పెద్ద గాయకుల ముందు కనిపించే మైకు ఇదే, దాన్ని చూడగానే నడుం దానంతటదే నిటారవుతుంది.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. మైకు ఏ చప్పుడూ లేనప్పుడు తనంతట తాను చేసే సన్నటి సొదని 'సెల్ఫ్ నాయిస్' అంటారు. ఎన్‌టీ1-ఏకి కంపెనీ ఇచ్చిన అంకె 5 డెసిబెల్స్. ఇప్పుడు అమ్ముతున్న యూ87 ఏఐకి కార్డియాయిడ్‌లో (ముందు వైపే ఎక్కువగా వినే అమరికలో) 12. కాగితం మీద పడగ్గది మైకే నిశ్శబ్దం! అయినా రెండు ట్రాకులూ పక్కపక్కన పెడితే పదాల మధ్య ఖాళీల్లో సొద ఇంటి ట్రాకులోనే ఎక్కువ. ఆ సొద మైకుది కాదన్నమాట. గదిది. ఫ్యాన్ ఆపినా మిగిలే కంప్యూటర్ ఫ్యాన్, గోడ అవతలి ఫ్రిజ్, వీధిలో బండి, ఎక్కడో కుక్క. కండెన్సర్ మైకుకి వీటన్నిటితోనూ స్నేహమే.

ఇంటర్‌ఫేస్ గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. ఫోకస్‌రైట్ సంస్థ 1985లో రూపర్ట్ నీవ్ మొదలుపెట్టింది. దాని తొలి పేరంతా ఎయిర్ స్టూడియోస్ పెద్ద కన్సోల్ కోసం చేసిన ఐఎస్‌ఏ 110 మాడ్యూల్‌తోనే వచ్చింది. అదే పేరు ఇవాళ అరచేతి వెడల్పు ఎర్రడబ్బా మీద ఉంది. ప్రీ-యాంప్ (మైకు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే భాగం) శుభ్రంగా ఉంటుంది, నాబ్ చుట్టూ వెలుగు ఎర్రబడితే లెవెల్ దాటిందని తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: వీడియోల్లో చూసి ష్యూర్ ఎస్‌ఎం7బీ కొనాలనుకునేవాళ్లు ముందు ఇంటర్‌ఫేస్ గెయిన్ (సిగ్నల్‌ని ఎంత పెంచగలదో) చూసుకోండి. ఆ మైకుకి దాదాపు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. మూడో తరం స్కార్లెట్ 56 దగ్గర ఆగిపోతుంది, నాలుగో తరం టూ ఐ టూ 69 దాకా ఇస్తుంది. మెల్లగా పాడే గొంతుకి ఈ తేడా బాగా తెలుస్తుంది.

యూ87లో ఏమీ లేదా అంటే, ఉంది. ఎన్‌టీ1-ఏకి పైస్థాయిలో సహజంగానే మెరుపెక్కువ, 'స', 'శ' వరసగా వచ్చే లైన్లో డీ-ఎస్సర్ (ఆ బుస చప్పుడుని తగ్గించే పనిముట్టు) వేయాల్సిందే. యూ87లో ఆ లైను అలాగే వదిలేశాం. నడిమి స్థాయిలో గొంతు కొంచెం ముందుకొచ్చి నిలబడుతుంది. వింటే తెలుస్తుంది, నిజమే. కానీ పాట నిలబెట్టేదో, పడగొట్టేదో ఆ తేడా మాత్రం కాదు. పేర్లు మార్చి విన్నప్పుడు వయొలిన్ వాయించిన అమ్మాయి నా గొంతు ఫైళ్లని తారుమారుగా చెప్పింది. ఆమె చెవిని నేను నా చెవికన్నా ఎక్కువ నమ్ముతాను.

అసలు కథ గది దగ్గర మొదలవుతుంది.

నా పడగ్గది పొడవు, వెడల్పు రెండూ దాదాపు 3 మీటర్లు. రికార్డింగుకి ఇంతకన్నా చెడ్డ గది కట్టడం కష్టం. ధ్వని గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. ఎదురెదురు గోడల మధ్య 3 మీటర్లుంటే 57 హెర్ట్జ్ దగ్గర, దానికి రెట్టింపు 114 దగ్గర, ఆపైన 171 దగ్గర గది తనే పాడటం మొదలుపెడుతుంది. పొడవూ వెడల్పూ సమానమైతే రెండు జతల గోడలూ ఒకే స్వరాన్ని పట్టుకుంటాయి. నా పల్లవి కింది స్వరం 114కి ఆనుకునే ఉంది. ఆ స్వరం వచ్చిన ప్రతిసారీ గొంతు ఉబ్బి 'బొమ్మ్' అనేది. ఈక్వలైజర్‌తో తగ్గిస్తే పక్క స్వరాలు పలచబడిపోయేవి. దీనికి మందు ప్లగిన్లలో (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే పనిముట్లలో) లేదు, మైకు నిలబెట్టిన చోటులో ఉంది. ఇలాంటి గదిలో 114 హెర్ట్జ్ ఒత్తిడి గోడల దగ్గర ఎంత ఎక్కువో సరిగ్గా నడిమధ్యలోనూ అంతే ఎక్కువ. అందరం మైకు పెట్టేది కూడా అక్కడే, నాలుగు గోడలకీ దూరమని. మైకుని రెండు గోడల నుంచీ మీటరు దూరానికి జరిపితే ఆ ఉబ్బు దాదాపు సగానికి దిగింది. పైసా ఖర్చు లేదు. ఇంటి రికార్డింగు మొదలుపెట్టేవాళ్లకి నేనిచ్చే మొదటి సలహా టేపు పట్టుకుని గది కొలవమనే.

ఇక గోడలకి అంటించే ఆ పిరమిడ్ ఫోమ్ గురించి. 114 హెర్ట్జ్ ధ్వని తరంగం ఒక్కొక్కటి 3 మీటర్ల నిడివి. దానికి 5 సెంటీమీటర్ల ఫోమ్ అడ్డు పెట్టడం దోమతెరతో వాన ఆపడమే. అది మింగేది పైస్థాయి ధ్వనుల్ని మాత్రమే. గోడల నిండా అంటిస్తే మెరుపంతా పోయి, ఉబ్బు మాత్రం మిగిలి, గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టుంటుంది. బట్టల బీరువా తలుపులు తెరిచి దాంట్లోకి పాడటం కూడా కొంతవరకు ఇదే బాపతు. బయటి చప్పుడు ఆపుతుందని ఫోమ్ కొనేవాళ్లున్నారు. అది చప్పుడు ఆపదు. చప్పుడు ఆపేది బరువు, గాలి చొరని తలుపు. మూలల్లో నిలబెట్టిన మందపాటి మినరల్ ఊల్ పలకలు, పాడేవాడి వెనక వేలాడదీసిన దళసరి దుప్పటి, ఈ రెండే నాకు ఉపయోగపడ్డాయి. వెనకే ఎందుకంటే కార్డియాయిడ్ మైకు చూసేది మన వైపు. మన తల దాటి అది వినేది మన వెనక గోడనే.

లేటెన్సీ, అంటే పాడిన గొంతు కంప్యూటర్ దాకా వెళ్లి చెవికి తిరిగొచ్చే ఆలస్యం, దాని గురించి రెండు మాటలు చాలు. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకి 48 వేల శాంపిళ్ల లెక్కన) బఫర్, అంటే ఒక్కసారికి పోగేసే మొత్తం, 256 శాంపిళ్లు పెడితే ఒక వైపుకే 5.3 మిల్లీసెకన్లు. వెళ్లడం, తిరిగి రావడం కలిస్తే మన గొంతు మనకే కాస్త వెనకబడి వినిపిస్తుంది, తాళం జారుతుంది. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ నొక్కితే గొంతు కంప్యూటర్ దాకా పోకుండా నేరుగా చెవికొస్తుంది, గొడవే లేదు. ఆ బటన్ ఉండగా కొత్త కంప్యూటర్ కొన్నవాళ్లు నాకు తెలుసు.

స్టూడియోకి వద్దాం. పేరు చెప్పను, కారణం తర్వాత మీకే తెలుస్తుంది. గదిలో గది కట్టి, రెండు బరువైన తలుపుల వరస పెట్టి, పాడే గదికీ కంట్రోల్ రూముకీ మధ్య రెండు పొరల అద్దం బిగించారు. రెండో తలుపు మూసుకోగానే ముందుగా తెలిసేది మన ఊపిరి ఎంత గట్టిగా తీస్తామో. నాకది ఇబ్బందిగానే ఉంది. ఇంట్లో ఆ ఊపిరి ఫ్యాను చప్పుడు వెనక దాక్కుంటుంది. ఇక్కడ ప్రతి పీలుపూ రికార్డయింది. వాటిని కోసెయ్యమంటే ఇంజనీర్ ఒప్పుకోలేదు. "ఊపిరి తీసేస్తే మనిషి పోతాడు సార్, కొంచెం తగ్గిద్దాం అంతే" అన్నాడు. మంచిమాట.

ఆ మనిషే నాకు స్టూడియోలో దొరికిన అసలు సరుకు. మొదటి టేక్ సగంలోనే ఆపి, "సార్, దీర్ఘాల దగ్గర శ్రుతి కిందికి జారుతోంది, ఒక చెవి నుంచి హెడ్‌ఫోన్ తీసేసి పాడండి" అన్నాడు. హెడ్‌ఫోన్‌లో ట్రాక్ గట్టిగా మోగుతుంటే మన గొంతు మనకి అందదు, శ్రుతి వదిలేస్తాం. ఒక చెవి తెరిస్తే గదిలోని సొంత గొంతు తెలుస్తుంది. తెరిచిన వైపు కప్పుని తలకి ఆనించి ఉంచాలి, లేకపోతే తాళం కోసం దాంట్లో మోగే క్లిక్ చప్పుడు మైకులోకి కారుతుంది. తర్వాత 'ప', 'భ' దగ్గర గాలి కొడుతోందని మైకుని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి, ముక్కు ఎత్తుకి జరిపాడు. పాప్ ఫిల్టర్ (మైకు ముందు పెట్టే గాలి తెర) ఉన్నా ఇది కావాలట. దూరం జానెడు. ఇంకా దగ్గరికి పోతే డైరెక్షనల్ మైకుల్లో కింది స్థాయి పెరిగిపోతుంది, దాన్నే ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు. మంద్రంలో పల్లవికి కావాలని ఒక అంగుళం దగ్గరికి రమ్మని, చరణంలో వెనక్కి జరగమని అద్దం అవతల నుంచి చేత్తో సైగ చేసేవాడు. రెండో చరణం అవ్వగానే, "ఇది ఉంచేద్దాం, ఇంకా పాడితే అలిసిపోతారు" అన్నాడు. ఈ ఒక్క వాక్యం ఇంట్లో మనకి చెప్పే దిక్కు లేదు.

ఇంట్లో జరిగేదేంటంటే, టేకుల మీద టేకులు. హార్డ్ డిస్క్ నిండదు, గడియారం మీద బిల్లు పడదు. ఒక్కో లైనుకి బోలెడన్ని ముక్కలు పోగేసి, ఒక దాంట్లోంచి మాట, ఇంకో దాంట్లోంచి అక్షరం కత్తిరించి అతికిస్తాం. దీన్ని కాంపింగ్ అంటారు. ప్రతి ముక్కా సరిగ్గానే ఉంటుంది. మొత్తం వింటే పాడినవాడెవడో అంతుపట్టదు. మొదటిసారి ఇంట్లో తీసిన నా గొంతు అచ్చం అలాగే ఉంది, శ్రుతిశుద్ధం, ప్రాణం సున్నా.

మరి స్టూడియోలో గొంతెందుకు నెగ్గలేదు? గడియారం వల్ల. గంటల లెక్కన తీసుకున్న స్లాటులో సగం డ్రమ్స్‌కి మైకులు అమర్చడంలోనే కరిగిపోయింది. నా వంతు వచ్చేసరికి గొంతు బిగిసిపోయి ఉంది, డ్రమ్మర్ బ్యాగు సర్దుతున్నాడు, గిటార్ మిత్రుడు ఫోన్ చూసుకుంటున్నాడు. శ్రుతి, తాళం ఒప్పుకున్నాయి గానీ పల్లవిలో ఉండాల్సిన నిదానం లేదు. ఇంటికొచ్చాక, వీధి సద్దుమణిగిన వేళ, నా గొంతు తెరుచుకునే సమయం చూసుకుని మళ్లీ పాడాను. మైకు నోటికి పక్కగా, ఒక చెవి తెరిచి, తొందర లేకుండా. ఆ ఇంజనీర్ చెవిని నాతో ఇంటికి తెచ్చుకోగలిగాను. గదిని తేలేకపోయాను గానీ, నోటికి జానెడు దూరంలో ఉన్న మైకుకి గదితో పని తక్కువ. మైకులోకి వెళ్లేదాంట్లో ఎక్కువ భాగం నేరుగా నోటి నుంచే వెళ్తుంది.

వయొలిన్ సంగతి దీనికి తలకిందులు. కమాను తీగని రాసే దగ్గర మైకు పెడితే వినపడేది గరుకు. వయొలిన్ తీపి ఆ పెట్టె అన్ని వైపులకీ చిమ్మే ధ్వని కలిసిన చోట ఉంటుంది, అంటే ఒకటి రెండు మీటర్ల దూరంలో, కాస్త పైన. పడగ్గదిలో మైకుని అంత దూరం తీసుకెళ్తే గోడలు, తక్కువ ఎత్తు కప్పు వెంటనే తిరగగొట్టిన ధ్వని దాంట్లో కలిసి రేకుడబ్బా అవుతుంది. దగ్గరికి తెస్తే గరుకు. ముందుకు పోతే నుయ్యి, వెనక్కి పోతే గొయ్యి. హాలు ప్రతిధ్వనిని కల్పించే రివర్బ్ ప్లగిన్ ఎంత ఖరీదైనదైనా చిన్న గదిలో పుట్టిన ప్రతిధ్వనిని తీసెయ్యదు, దాని మీద ఇంకో పొర పూస్తుంది. స్టూడియో హాల్లో ఎత్తుగా పెట్టిన రెండు మైకులతో మొదటిసారి వాయించింది వినగానే, ఇంట్లో తీసినదాన్ని డిలీట్ చెయ్యమని వయొలిన్ అమ్మాయే అంది. ఇలా దూరం నుంచి వినాల్సిన వాయిద్యాలకి, ముఖ్యంగా ఒకేసారి కలిసి వాయించేవాళ్లుంటే, స్టూడియోకి డబ్బు కట్టండి. బేరం లేదు.

డ్రమ్స్‌కీ అంతే. ఏడెనిమిది మైకులు, అన్ని ఇన్‌పుట్లు, ఒకదానితో ఇంకొకటి ఫేజ్ కొట్టుకోకుండా (ఒకే దెబ్బ వేర్వేరు మైకులకి వేర్వేరు క్షణాల్లో చేరి పలచబడకుండా) చూసే మనిషి, పక్కింటివాళ్ల సహనం. టూ ఐ టూకి ఉన్నవి రెండు ఇన్‌పుట్లు. గిటార్ మాత్రం, పన్నెండో ఫ్రెట్ వైపు చూసేలా అడుగు దూరంలో ఎస్‌ఎం57 పెట్టి ఇంట్లో తీసిందే ఫైనల్‌లో ఉంది. తేడా ఎవరూ కనిపెట్టలేదు.

స్టూడియో మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే, అది చిన్నది కాదు. వినమని పంపిన రఫ్ మిక్స్‌లో (ట్రాకులన్నీ కలిపిన చిత్తు ప్రతిలో) అడక్కుండానే నా గొంతుకి పిచ్ కరెక్షన్ వేసేశారు, అదీ అన్నిటికన్నా వేగమైన సెట్టింగులో. ఆ సాఫ్ట్‌వేర్ స్వరాన్ని పన్నెండు మెట్లలో దగ్గరున్న మెట్టు మీదికి లాగి కూర్చోబెడుతుంది. మెట్టుకీ మెట్టుకీ మధ్య జారే గమకం దానికి తప్పులా కనపడుతుంది. నా చరణంలో ఉన్నదే ఆ జారుడు! దాన్ని మూడు ముక్కలుగా విరిచి వరసగా పేర్చింది. మీ పాటలో గమకాలుంటే కరెక్షన్ వేగం బాగా తగ్గించమనండి, లేదా నిజంగా తప్పిన స్వరాన్ని మాత్రమే చేత్తో పట్టి సరిచేయమనండి. ఇంకా మంచిది, ముందే వద్దని చెప్పడం. ఇంజనీర్ తప్పు కాదులెండి, పక్క గదిలో మిక్స్ చేసిన ఇంకెవరిదో అలవాటు.

ఇంట్లో తీసినవి పెద్ద పాటలవ్వవా అని అడిగేవాళ్లకి ఎప్పుడూ చెప్పే ఉదాహరణలు రెండున్నాయి. అమెరికన్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1982లో విడుదల చేసిన ఆల్బమ్ ఇంట్లో టియాక్ 144 అనే నాలుగు ట్రాకుల క్యాసెట్ మిషన్ మీద, ఎస్‌ఎం57 మైకులతో తీసినది. బ్యాండుతో స్టూడియోలో మళ్లీ ప్రయత్నించి, ఆ క్యాసెట్‌నే విడుదల చేశారు. ఆ క్యాసెట్‌ని రికార్డు ప్లేటుకి ఎక్కించడానికి ఇంజనీర్లు పడిన పాట్లు మాత్రం ఎవరూ చెప్పరు. 2020లో గ్రామీల్లో ఏడాది ఉత్తమ ఆల్బమ్‌గా గెలిచిన అమెరికన్ గాయని బిల్లీ ఐలిష్ పాటలు ఆమె అన్న ఫినియాస్ పడగ్గదిలో రికార్డయినవే. కానీ మిక్స్ చేసింది రాబ్ కినెల్స్కీ, మాస్టర్ చేసింది, అంటే విడుదలకి తుది మెరుగు పెట్టింది, జాన్ గ్రీనమ్. పడగ్గది కథల్లో ఈ రెండో సగం ఎగిరిపోతూ ఉంటుంది.

నేనూ మిక్సింగ్ బయటే చేయించాను. 114 దగ్గర అబద్ధం చెప్పే గదిలో కూర్చుని బాస్ ఎంతుండాలో తేల్చలేను. హెడ్‌ఫోన్స్‌లో కొంత తెలుస్తుంది, అంతా తెలియదు. స్టూడియో కంట్రోల్ రూములో తెల్ల కోన్లున్న పాత యమహా ఎన్‌ఎస్-10 జత కూడా ఉంది. 2001లోనే తయారీ ఆగిపోయిన స్పీకర్లు. వాటిలో ఏదీ తియ్యగా వినపడదు, అందుకే వాటిని ఉంచుకున్నారట. నా గిటార్ నడిమి స్థాయిలో గొంతు మీదికెక్కుతోందని వాటిలోనే బయటపడింది.

స్లాట్ బుక్ చేసేటప్పుడే ఒక సంగతి తేల్చుకోండి: అన్ని ట్రాకులూ విడివిడిగా, 24 బిట్ వేవ్ ఫైళ్లుగా, ఎఫెక్టులు లేకుండా మీకిస్తారా, ఇవ్వరా. ప్రతి ఫైలూ పాట మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి, లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఎక్కడ అతకాలో తెలీక జుట్టు పీక్కోవాలి. శాంపిల్ రేటు, టెంపో అంకె రాయించుకోండి. మేం 48 కిలోహెర్ట్జ్ అని ముందే అనుకున్నాం కాబట్టి అక్కడి వయొలిన్, డ్రమ్స్ ఫైళ్లు రీపర్‌లో వెయ్యగానే నా గొంతు పక్కన సరిగ్గా కూర్చున్నాయి. ఎంపీ3 ఒక్కటి చేతిలో పెట్టి పంపే స్టూడియో అయితే, గది ఎంత బాగున్నా నేను వెళ్లను.